అరవై అయిదు వాట్ల మేనల్లుడు

కోపం నాకింకా తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

మా దీవికి కరెంటు తీగ రాలేదు. రాజధాని సువా నుంచి ఓడ పదిహేను రోజులకోసారి వస్తుంది. ఇంటి కప్పు మీద నాలుగు సోలార్ పలకలు, మూలగదిలో రెండు బ్యాటరీలు, అంతే మా సంపద. రాత్రిళ్ళు వాటి మీదే మా అత్తగారి ఆక్సిజన్ యంత్రం నడవాలి. ఆవిడ ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. అందుకే బడి పనికి కంప్యూటర్ కొనేటప్పుడు నేను వెతికి వెతికి, తక్కువ కరెంటు తాగే ప్రాసెసర్ ఉన్న చిన్న పెట్టె తెచ్చుకున్నాను. ఎంత పని చేయించినా పన్నెండు వాట్లు దాటదు.

కిందటి ఓడలో సువాలో ఉండే మా ఆడపడుచు కొడుకు ఫిలిమోనె దిగాడు, చంకలో సూట్‌కేసంత కంప్యూటర్‌తో. వచ్చీ రాగానే నా చిన్న పెట్టె మీద చెయ్యి వేశాడు.

"ఇది భలే ఉంది మామా. సంచిలో పట్టేస్తుంది."

మాలో మేనల్లుణ్ణి వసు అంటారు. మేనమామ ఇంట్లో వసు చెయ్యి వేసింది వాడిదే. కాదనకూడదు, తిరిగి అడగకూడదు. మా ఆయన ముప్ఫై రెండు పళ్ళూ బయటపెట్టి, "నీదేరా!" అన్నాడు. అడిగింది నా వస్తువని ఒక్కడికీ తట్టలేదు.

"ఊరికే పట్టుకుపోతానా అత్తా? నా పెద్దది మీకిచ్చేస్తున్నాగా."

"అదెంత తాగుతుందిరా?"

"అరవై అయిదు వాట్లు. ప్రాసెసర్ డబ్బా మీదే ఉంది, చదువుకో టీచరమ్మా!"

చదివాను. అరవై అయిదనే ఉంది. నమ్మాను. ఆ తప్పు నాదే, ఒప్పుకుంటాను.

మొన్న రోజంతా ముసురు. సాయంత్రం మా ఆయన చర్చి పాటల బృందం వీడియోలన్నీ కలిపి కూర్చమని ఆ పెద్దదానికి అప్పజెప్పి, అరవై అయిదే కదా అని హాయిగా పడుకున్నాడు. తెల్లారుతుండగా యంత్రం కీచుమంటుంటే లేచాను. బ్యాటరీలు ఖాళీ. అత్తగారి పెదాలు నీలంగా ఉన్నాయి. చాపతో సహా ఎత్తుకుని నర్సు దగ్గరికి పరుగెత్తాం. అక్కడున్న ఒకే ఒక్క సిలిండరు ఆవిణ్ణి బతికించింది.

ఎండ వచ్చాక ఆ కంప్యూటర్‌ని కరెంటు కొలిచే మీటరుకి తగిలించి అదే పని మళ్ళీ చేయించాను. నూట డెబ్భై వాట్లు.

ఇవాళ మధ్యాహ్నం ఓడ. ఫిలిమోనె గుమ్మంలో కూర్చుని కొబ్బరిపాల చేప తింటున్నాడు, పక్కనే సంచిలో నా పెట్టె. మీటరు తెచ్చి వాడి పళ్ళెం పక్కన పెట్టాను.

"ఇదేంట్రా? అరవై అయిదన్నావు, నూట డెబ్భై లాగింది."

"అరవై అయిదంటే మామూలు పనికి అత్తా. గట్టిగా పని పడితే ప్రాసెసర్ ఒక్కటే రెండింతలు లాగుతుంది. మిగతావి వేరే. అందరికీ తెలిసిందేగా."

"తెలిసీ చెప్పలేదా?"

"నువ్వు అడగలేదుగా."

నా ఒళ్ళు మండిపోయింది. ఇంకొకడైతే ఆ చేప పళ్ళెం వాడి నెత్తిన బోర్లించేదాన్ని. మా ఆయన వెనక నుంచి, "వసుతో అలా మాట్లాడకే, పరువు పోతుంది" అని గొణిగాడు. ఆ మాటతో ఆగలేకపోయాను.

"ఈ ఇంట్లో ఏదైనా నీదేగా? అయితే మీ అమ్మమ్మని కూడా పట్టుకుపో! చెయ్యి వెయ్యి ఆవిడ మీద! అక్కడ మీ గోడలనిండా కరెంటేగా, బతికించుకో!"

వాడు తల దించుకున్నాడు. సంచిలోంచి నా పెట్టె తీసి మెల్లగా నా ముందు పెట్టాడు. గెలిచాననుకున్నాను.

లోపల చాప చుడుతున్న చప్పుడైంది. తెర పక్కకి తీసి అత్తగారు వచ్చారు. చంకలో చాప, ఇంకో చేతిలో ఆక్సిజన్ యంత్రం తీగ. మూడడుగులకే ఆయాసపడి గోడ పట్టుకున్నారు. ఆవిడ మొహంలో కోపం లేదు. నన్ను ఇబ్బంది పెట్టకూడదన్న తొందరే ఉంది.

"ఓడలో రాత్రంతా కరెంటు ఉంటుందా అమ్మా?" అని నన్నే అడిగారు.