పక్క సీటు బ్రేకు

"ఒక్క కారణం చెప్పు. ఒక్కటంటే ఒక్కటి. నేను మళ్ళీ ఆ ఊసెత్తితే అడుగు," అన్నాడు భర్త.

సింకు దగ్గర మాడిన గిన్నె తోముకుంటున్న ఆమె వీపుతో అన్నాడు. ఆ ఇంట్లో ముఖ్యమైన సంగతులన్నీ ఆమె వీపుతోనే మాట్లాడతారు. మిగతావాళ్ళకి తీరిక దొరికేది భోజనాలయ్యాకే, ఆ వేళకి ఆమె ముఖం గోడవైపు ఉంటుంది మరి.

కారణం ఉంటే చెప్పకపోయేదా? వదిన, అంటే భర్తకి అక్క, అందరం కలిసుందామని ఆ కొత్త ఇల్లు చూసొచ్చిన రోజు నుంచీ ఆమె వెతుకుతున్నది కారణమే. మేడ మీద వదినావాళ్ళు, కింద వీళ్ళు, అందరికీ కలిపి ఒకటే పెద్ద వంటగది. అత్తగారి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి, పగలంతా ఒక్కతే ఉంటే ఎక్కడ జారిపడుతుందోనని అందరికీ బెంగ. అందుకని ఆమె ఉద్యోగం మానేసి ఇంటిపట్టున ఉండాలి. "కొన్నాళ్ళే," అంది వదిన. ఆ కొన్నాళ్ళు ఎన్నాళ్ళో అడిగితే బాగుండదు కాబట్టి ఎవరూ అడగలేదు.

ఆమె ఏ కారణం చెప్పినా దానికో జవాబు సిద్ధంగా ఉంది. అంతమందికి వంటా అంటే, వంటమనిషిని పెడదామన్నారు. పిల్ల బడి దూరం కదా అంటే, బస్సు గుమ్మం ముందే ఆగుతుందన్నారు. మరి నా ఉద్యోగం అంటే, భర్త నవ్వి, "బండ్లు ఎక్కడికి పోతాయి? మళ్ళీ ఎప్పుడైనా నేర్పొచ్చు," అన్నాడు. అతను బీమా ఆఫీసులో క్లెయిములు పరిశీలించే విభాగంలో పనిచేస్తాడు. 'తగిన కారణం చూపనందున' అన్న ముక్క రోజూ రాసే చెయ్యి అతనిది. పాపం, ఇంటికొచ్చాక కూడా ఆ చెయ్యి ఊరుకోదు.

అన్నీ అయిపోయాక ఆమె దగ్గర మిగిలింది ఒక్కటే, అరికాలు. ఆ ఇంటి మాట ఎత్తగానే ఆమె అరికాలు నేలని గట్టిగా నొక్కుతుంది. ఈ మాట ఎవరితో అనగలదు? అత్తగారితోనా, వదినతోనా? 'నా కాలికి ఇష్టం లేదండీ' అంటే పిచ్చి ముదిరిందనుకోరూ!

ఆమె పని డ్రైవింగు నేర్పడం, అదీ ఎక్కువగా ఆడవాళ్ళకి. నేర్పే బండిలో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. స్టీరింగు నేర్చుకునేవాళ్ళది, ఆ బ్రేకు ఆమెది. కుడి కాలు ఎప్పుడూ దాని మీదే తేలుతూ ఉంటుంది. చాలాసార్లు ఆ కాలు ఆమె కంటే ముందే నొక్కేస్తుంది. బండి ఆగిపోయాక, సందులోంచి ఏ స్కూటరో దూసుకొస్తుంది. కొన్నిసార్లు ఏమీ రాదు. అప్పుడు పక్కనున్నావిడ బిత్తరపోయి, "ఎందుకు ఆపారు మేడమ్?" అంటుంది. "ముందు ఆగనివ్వండి. ఎందుకో ఆగాక చూసుకుందాం," అనడం ఆమెకి అలవాటు.

అలవాటు బండితో పోతే బాగుండేది, కానీ ఇంటిదాకా వచ్చింది. భర్త కారు నడుపుతుంటే పక్కన కూర్చుని ఉత్త నేలని నొక్కేది. మొదట్లో అతను చిరాకు పడ్డాడు. తర్వాత అది ఇంటిల్లిపాదికీ ఆటవిడుపు అయింది. "మీ అమ్మ ఉండగా మన కారుకి బ్రేకులెందుకే?" అని కూతురితో అనేవాడు. వెనక సీట్లోంచి ఆ పిల్ల, "అమ్మ మళ్ళీ బ్రేకేసింది!" అని అరిచేది. చుట్టాల్లో ఆమెకి 'బ్రేకమ్మ' అని పేరు కూడా పడింది. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే, హాస్యం తెలియని మనిషని ఇంకో పేరు పెడతారు. కానీ కూతురు నవ్వినప్పుడు మాత్రం ఎక్కడో కలుక్కుమనేది.

ఆ పిల్ల కోసమే ఒకసారి అందరితో పోట్లాడింది. కడుపునొప్పి అంటే డాక్టరు గ్యాసు అన్నాడు. ఆమెకి నమ్మకం కుదరలేదు. "డాక్టరు కంటే నీకు ఎక్కువ తెలుసా?" అన్నాడు భర్త. తెలియదు. తెలియకుండానే పిల్లని భుజాన వేసుకుని ఇంకో ఆసుపత్రికి పరుగెత్తింది. అపెండిక్సు, ఇంకాస్త ఆలస్యమైతే పగిలేదన్నారు. ఇంటికొచ్చాక అందరూ ఏమన్నారు? "అదృష్టం బాగుంది," అన్నారు. ఆమె అనుకున్నది నిజమైతే అదృష్టం, కాకపోతే చాదస్తం. ఆమెకి తెలిసింది అని ఒప్పుకునే మాట మాత్రం ఆ ఇంటి నిఘంటువులో లేదు. ఇన్నేళ్ళలో ఆమె నిఘంటువులోంచి కూడా అది చెరిగిపోయింది.

అందుకే ఆమె కాలికి బుద్ధి చెప్పడం మొదలుపెట్టింది. కారెక్కగానే రెండు కాళ్ళూ సీటు కిందికి మడిచి, మడమలు పెనవేసి కూర్చునేది. కాలు లేవబోతే, 'కారణం?' అని తనలో తానే అడిగేది. అచ్చం భర్త గొంతుతోనే అడిగేది. కారణం లేకపోతే లేవనిచ్చేది కాదు. కొన్నాళ్ళకి కాలు మాట విన్నది. "బ్రేకమ్మ బాగుపడింది," అని భర్త మెచ్చుకున్నాడు కూడా.

ఆ బాగుపడిన కాలితోనే గురువారం పనికి వెళ్ళింది.

నేర్చుకుంటున్నది ఒక బ్యాంకు గుమస్తా, నలభై దాటిన భయస్తురాలు. ఒక వీధిలో రెండు లారీలు ముందూ వెనకా ఆగి ఉన్నాయి. రోడ్డు ఖాళీ. ఎండ తప్ప ఏమీ లేదు. ఆమె అరికాలు జివ్వుమంది, కాలు లేచింది. 'కారణం?' అంది లోపలి గొంతు. ఏమీ కనపడటం లేదు కదా. కాలు గాల్లోనే ఆగింది.

లారీల మధ్యలోంచి నీళ్ళ క్యాను కట్టిన సైకిలు మీద ఒకతను బయటికొచ్చాడు. గుమస్తా స్టీరింగు పట్టుకుని బిగుసుకుపోయింది. ఆమె బ్రేకు తొక్కింది కానీ అప్పటికే ఆలస్యమైంది. బండి ముందు భాగం సైకిలు వెనక చక్రానికి తగిలి, అతను పడ్డాడు. మోచెయ్యి గీరుకుపోయింది. క్యాను పగిలి రోడ్డంతా నీళ్ళు. ఇంకేమీ కాలేదు. కానీ ఏమేమి అయి ఉండేదో ఆమెకి కళ్ళకి కట్టింది. బండిలోంచి నీళ్ళ సీసా తెచ్చి అతని మోచెయ్యి కడిగింది.

"మీరు నేర్పేవాళ్ళే కదమ్మా!" అన్నాడతను, కోపం కంటే ఎక్కువ ఆశ్చర్యంతో.

తిరిగి వస్తుంటే గుమస్తా నెమ్మదిగా అడిగింది. "మీరెప్పుడూ నాకంటే ముందే ఆపేస్తారు కదా మేడమ్. ఆ ధైర్యంతోనే నడుపుతున్నాను. ఇవాళేమైందండీ?"

ఏమని చెబుతుంది? మా ఆయన్ని మెప్పించడానికి ఒకడి ప్రాణం మీదికి తెచ్చానని చెబుతుందా?

డ్రైవింగు స్కూలు ఓనరు పెద్దావిడ, నోరు కూడా పెద్దదే. బండికి పడ్డ సొట్ట చూసి, ముందు తిట్టాల్సిన నాలుగూ తిట్టింది. "బ్రేకు ఎందుకు ఆలస్యమైంది?" అంది ఆఖరున.

"ఎదురుగా ఏమీ కనపడలేదండీ."

"కనపడ్డాక తొక్కడానికైతే నువ్వెందుకు? దానికి నేర్చుకునేవాళ్ళే చాలు." కళ్ళజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంది. "ఇన్నేళ్ళుగా నువ్వు చూసిన రోడ్లన్నీ ఆ కాలికి గుర్తే. నీకు గుర్తులేనివి కూడా దానికి గుర్తుంటాయి. అది అన్నీ విడమర్చి చెప్పదు, అంతే."

"ఊరికే తొక్కితేనో?"

"తొక్కితే ఏం పోయిందే తల్లీ? ఆగుతుంది. దిగి చూసుకో. ఏమీ లేకపోతే మళ్ళీ స్టార్టు చెయ్యి."

ఇంటికి నడిచి వస్తూ ఆమె ఒక దగ్గర నిలబడిపోయింది, ఎవరి గేటు ముందో కూడా తెలియదు. ఇన్నాళ్ళూ తనది భయమే అనుకుంది. భయం ఆమెకి తెలియనిది కాదు. కుక్కలంటే భయం, పిల్ల ఆలస్యంగా వస్తే భయం. భయానికి నోరెక్కువ. ఇలా అవుతుంది, అలా అవుతుంది అని వంద కథలు చెబుతుంది, మెడ బిగుసుకుంటుంది. ఆ కొత్త ఇంటి గురించి ఆలోచిస్తే ఒక్క కథా రావడం లేదు. మెడ మామూలుగానే ఉంది. అరికాలు మాత్రం, చెప్పులోనే, రోడ్డుని నొక్కుతోంది. మొదటిసారిగా, ఇదెందుకో అని అడగాలనిపించలేదు. నిలబడి దాన్ని నొక్కనిచ్చింది. కానీ ఇంటికొచ్చాక చపాతీ పిండి కలుపుకుంటూ ఉండిపోయింది. శుక్రవారం, శనివారం కూడా అంతే. పట్టిన వస్తువు పట్టినచోటే వదిలేయడం, తుడిచిన బల్లే మళ్ళీ తుడవడం. మింగలేకా కక్కలేకా మూడు రోజులు తిరిగింది.

ఆదివారం సాయంత్రం ఆ కొత్త ఇంటి ఓనరుకి మాట ఇచ్చి రావడానికి అందరూ కారెక్కారు. వదిన ముందు సీట్లో. వెనక అత్తగారు, పిల్ల, ఆమె. ఆమె ఈసారి కాళ్ళు మడవలేదు.

వదిన దారి పొడుగునా కర్టెన్ల రంగులు చెబుతోంది. వెనక్కి తిరిగి, నిజమైన ఆపేక్షతోనే, "ఆ వంటగది ఉంది చూడూ, ఒకసారి అడుగుపెట్టావంటే మళ్ళీ బయటికి రావాలనిపించదు నీకు," అంది.

కాలు నేలని తొక్కింది.

"అమ్మ మళ్ళీ..." అని మొదలుపెట్టిన పిల్ల తల్లి ముఖం చూసి ఆగిపోయింది.

"ఏవండీ, బండి ఆపండి."

"ఏం, వాంతొస్తోందా?" అన్నాడు భర్త. ఆడది బండి ఆపమనడానికి అతనికి తెలిసిన కారణం అదొక్కటే.

"లేదు. ఆపండి."

రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు. ఆమె కాలు నిబ్బరంగా నేల మీదే ఉంది.

"నేను ఆ ఇంటికి రాను. ఉద్యోగం మానను."

"మళ్ళీ మొదలా? కారణం చెప్పు."

"తెలీదు." ఆ మాట అన్నందుకు సిగ్గు వేస్తుందేమోనని చూసుకుంది. వేయలేదు. "తెలిసిన రోజున మొదట మీకే చెప్తాను. మీరు వెళ్ళాలనుకుంటే వెళ్ళండి. నేను ఇప్పుడున్న ఇంట్లోనే ఉంటాను."

"చోద్యం కాకపోతే!" వదిన గొంతు లేచింది. "కారణం లేకుండా వద్దంటే ఎలా? అసలు ఇదంతా ఎవరి కోసం? అమ్మ కోసం కాదూ?"

"నన్నెవరడిగారే?"

అత్తగారు. అందరూ అటు తిరిగారు. ఆవిడ తలుపు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వేళ్ళ కణుపులు తెల్లబడి ఉన్నాయి. ఎప్పట్నుంచి అలా పట్టుకుందో ఎవరూ చూడలేదు.

"ఆ ఇల్లు చూసిన దగ్గర్నుంచీ నాకూ లోపల అదోలా ఉంది," అంది కొడుకు వైపు చూడకుండా. "ఎందుకూ అని అడుగుతావు. ఏం చెప్పను? మీ నాన్న కూడా అడిగేవాడు. అందుకే ఊరుకోవడం నేర్చుకున్నా."

ఆమె చెయ్యి చాచి ఆ ముసలి వేళ్ళని ఒక్కొక్కటే పిడి మీద నుంచి విడదీసి, తన ఒడిలో పెట్టుకుంది. వెనకెవరో హారను కొట్టారు. భర్త స్టీరింగు పట్టుకుని, కొత్తగా నేర్చుకునేవాడిలా, ఎటు తిప్పాలో తెలియక కూర్చున్నాడు.

"ఇంటికి తిప్పండి," అంది ఆమె, రోజూ పాఠం చెప్పే గొంతుతో. "తొందరేం లేదు. ముందు అద్దం చూసుకోండి."