ఏడో బిళ్ళ

అన్నం ఉడికేలోగా తనిఖీ ఫారం నింపేయడం ఆమెకు అలవాటైపోయింది. అది నేర్పింది భర్తే. "అక్కడికెళ్ళి చూసి రాసేసరికి సాయంత్రమవుతుంది. అమ్మకి మందులెవరిస్తారు? ఇక్కడే రాసేసుకో, శిబిరం వాళ్ళ సంతకం ఆఫీసుకే తెప్పించుకో" అన్నాడు నిరుడు. పిల్లల వేసవి శిబిరాలకు అనుమతులిచ్చే ఆఫీసులో ఆమె ఒక్కతే ఆడ ఇన్‌స్పెక్టరు. పై అధికారికీ ఈ పద్ధతి నచ్చింది. ఇల్లు చక్కబెట్టే చేతికి ఫైళ్ళొక లెక్కా అని మెచ్చుకుని, ఇంకో రెండు కట్టలు ఆమె నెత్తిన పెట్టాడు. మెప్పుకేం, ఊరికే వస్తుంది.

పొయ్యి పక్కన నిలబడి ఒక శిబిరం ఫారంలో 'చెరువు చుట్టూ కంచె ఉంది' అని ఆమె రాసిన వారానికే ఆ చెరువులో ఒక పిల్ల మునిగిపోయింది. విచారణలో ఆ ఫారమే సాక్ష్యమైంది. కంచె ఉన్నా దూకింది కాబట్టి తప్పు పిల్లదేనని తేల్చారు. "పోనీలే, నీ మీదకి రాలేదు" అన్నాడు భర్త. అత్తగారు దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ఆమెకు మాత్రం అప్పటినుంచీ గిన్నెలు తోముతుంటే, కొళాయి కట్టేశాక కూడా నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఈ ఏడూ ఆ శిబిరం ఫారం ఇంట్లోనే నింపింది. కానీ దాన్ని సంచిలో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా అక్కడికి బస్సెక్కింది.

చెరువు గట్టున మేకులు కొట్టిన చెక్క పలక ఉంది. నీళ్ళలో దిగే పిల్ల తన నంబరు బిళ్ళ దానికి తగిలించి, బయటికొచ్చాక తీసుకుపోవాలి. పిల్లలంతా ఇప్పుడు అన్నాల దగ్గరున్నారు. తలలు తనే లెక్కపెట్టి వచ్చింది, ఒక్కరూ తగ్గలేదు. అయినా ఏడో మేకుకి బిళ్ళ వేలాడుతోంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏడో నంబరు ఎవరిది?"

శిబిరం యజమాని అటు చూడలేదు. "నిరుటినుంచీ ఎవరికీ ఇవ్వట్లేదండీ. తీసి పారేసినా మళ్ళీ అక్కడే ఉంటోంది. మీరు సంతకం పెట్టేయండమ్మా, భోంచేసి వెళ్దురుగాని."

గట్టంతా చూసింది. కంచె లేదు. ఎప్పుడో గుంజ పాతిన గుంతైనా లేదు. ఆమెకి భయంకన్నా సిగ్గే ఎక్కువేసింది. అంతలో భర్త ఫోను చేశాడు, అమ్మ మందుల వేళయిందని.

"అలమారలో ఉన్నాయి. ఇవాళ మీరే ఇవ్వండి."

అక్కడే కూలబడి, సంచిలోంచి ఫారం తీసి, 'ఉంది' కొట్టేసి రాసింది: 'కంచె లేదు. నిరుడూ లేదు. నేను వచ్చి చూడలేదు.' ఈ ముక్కతో ఉద్యోగం ఊడుతుందని ఆమెకు తెలుసు. సంతకం పెట్టి తలెత్తింది.

ఏడో మేకు ఖాళీగా ఉంది. గట్టు మీద చిన్న చిన్న తడి అడుగులు, నీళ్ళలోంచి బయటికి.