నాలుగో వన్స్‌మోర్

నేను ఒక టేపురికార్డరును. వినడం, దాచడం, తిరిగి వినిపించడం నా పనులని నా అట్టపెట్టె మీద అచ్చువేశారు. నాలుగో పని మాత్రం అచ్చువేయలేదు. కొత్త మాట రాసుకునే ముందు పాత మాటను తుడిచివేస్తాను. అందుకోసం నాలో వేలిగోరంత ఇనుపముక్క ఒకటి ఉంది. నేను చెప్పబోయేది ఆ ముక్క చేసిన పాపం.

నన్ను మద్రాసులో ఒక రేకుల షెడ్డులో బిగించారు. గుంటూరులో శౌరమ్మ టీచరు కొన్నది. ఆమెది ఫిరంగిపురం క్రైస్తవ కుటుంబం. మఠకన్యల బడిలో చదివి, ఆ బడిలోనే తెలుగు బోధించేది. పెళ్లి చేసుకోలేదు. ఆమెకున్న వ్యసనమల్లా పద్యనాటకం. ఆదివారం ఉదయం చర్చిలో పూజకూ, మధ్యాహ్నం నాటకానికీ ఒకే చీరతో వెళ్లేది.

"పొద్దున ఒక్కడే దేవుడంటావు, అన్నం తినగానే రంగు పూసుకున్న దేవుళ్ల దగ్గరికి పరిగెత్తుతావు. ఏం భక్తి శౌరమ్మా నీది?" అని మదర్ దెప్పిపొడిచింది ఒకసారి.

"నేను చూసేది దేవుళ్లను కాదు మదర్. శ్రుతి తప్పుతున్నారా లేదా అని" అన్నది ఆమె, నవ్వకుండా.

నాటకశాలలో నా చోటు హార్మోనియం పక్కన, పక్కతెరకు జానెడు దూరంలో. ఇంటికి వచ్చాక ఆమె ప్రతి క్యాసెట్టు మీద ఎర్రసిరాతో మార్కులు వేసేది. రాగానికి నలభై, ఉచ్చారణకు నలభై, నటనకు ఇరవై. బాపట్లలో ఒక రాజుగారు కొడుకు శవం ముందు రాగం అంతులేకుండా సాగదీస్తే, పాపం శవం దోమకాటు గోక్కున్నది. ఆయనకు ముప్ఫై ఒకటి. చీరాల మగ్గాల వీధిలో ఒక నేతగాడిని ఆమే కనిపెట్టింది. అర్థం పూర్తయిన చోట రాగం ఆపగలిగినవాడు నాకు తెలిసి అతనొక్కడే. తొంభై వేసి, నాలుగు ఊళ్ల నాటక సమాజాలకు అతని గురించి ఉత్తరాలు రాసింది. ఒక్కరూ పిలవలేదు. మనుషులు కొత్త గొంతును వినడానికి రారు, తెలిసిన పేరును వినడానికి వస్తారు. ఈ సంగతి పెట్టెనైన నాకు అర్థమైనంత త్వరగా ఆమెకు అర్థం కాలేదు.

తెలిసిన పేర్లలో పెద్దది తాళ్లూరి పానకాలరావుది. రాణి వేషాలకు ఆయన్ను మించినవారు లేరు. తెనాలిలో ఒక ఆదివారం మధ్యాహ్నం 'విరజా పరిణయం' ఆడారు. భర్త విడిచిన రాణి పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టారు. వన్స్‌మోర్ అంటే చచ్చి పడివున్న పాత్రయినా లేచి పాడవలసిందే. అది మా రంగస్థల ధర్మం. రాణి రెండోసారి పాడింది, మూడోసారీ పాడింది. నాలుగోసారి పాడమని అడిగేసరికి పొద్దుపోతోందని గంట కొట్టి తెర దించేశారు.

మర్నాడు బడి వదిలాక శౌరమ్మ ఆ టేపు వేసింది. మూడోసారి పాడినచోట ఆమె చెయ్యి ఆగిపోయింది. వెనక్కి తిప్పింది. ఏడుసార్లు విన్నది. పద్యం మధ్యలో పానకాలరావు దగ్గాడు. రాగం మాత్రం తెగలేదు. నిన్న ఈలల్లో ఎవరికీ వినిపించని దగ్గు అది. దగ్గిన మనిషి వేరు, పాడిన మనిషి వేరు. పాడిన గొంతు నా పక్కనున్న తెర చాటునుంచి వచ్చింది, అక్కడ కూర్చునే ఆడమనిషి హార్మోనిస్టు భార్య ఒక్కతే.

ఆ శనివారం నన్ను సంచిలో పెట్టుకుని తెనాలిలో హార్మోనిస్టు వీరబ్రహ్మం ఇంటికి వెళ్లింది. ఆయన భార్య మాణిక్యాంబ చేటలో మినుములు చెరుగుతోంది.

"మా ఆయన లేడు టీచరుగారూ."

"ఆయనతో పని లేదు. పానకాలరావుకు పాడేది నువ్వేనా?"

చేట ఆగింది. "ఎవరన్నారు?"

"ఈ పెట్టె."

"ఓరి దీని దుంపతెగ! పోలీసు కుక్కలాగుందే!" అని నవ్వి, వెంటనే వీధి తలుపు దగ్గరగా వేసింది. "ఆరేళ్లయింది తల్లీ. జబ్బుచేసి పానకాలరావుగారికి పాడే గొంతు పోయింది. ఆయన వేషం కట్టకపోతే పన్నెండు కుటుంబాలు పస్తుంటయ్యి. తెరవెనక పీటేసుకుని కూర్చుంటా, ఆయన నోరు తెరిస్తే నేను పాడతా. బయటపెట్టనని అమ్మోరి ముందు కర్పూరం ఆర్పి ఒట్టేశా."

"నీ గొంతు నువ్వు విన్నావా ఎప్పుడైనా?"

"నా గొంతు నాకెట్టా వినపడిద్దమ్మా, పాడతా ఉంటే!"

శౌరమ్మ నా మీట మీద వేలు పెట్టింది. మాణిక్యాంబ ఆ వేలు పట్టుకుని ఆపింది. "వద్దు. ఆయన బతికున్నన్నాళ్లూ వద్దు. దొంగసొత్తు మాదిరి తలుపేసుకుని వింటమేంది? నలుగురూ వినే రోజున నేనూ వింటా."

ఆ సాయంత్రం శౌరమ్మ క్యాసెట్టు వెనక ఉండే చిన్న రెక్కను విరిచేసింది. అది లేకపోతే నా ఎర్రమీట దిగదు, పాతది చెరగదు. అంత జాగ్రత్తపరురాలు మరో నకలు మాత్రం తీయించలేదు. నకలు అనే మాటకు ఆమె తరగతిలో బెత్తమే సమాధానం. ఆ అలవాటే కొంప ముంచింది.

తొమ్మిదేళ్లకు పానకాలరావు పోయాడు. అప్పటికే వీరబ్రహ్మమూ లేడు. ఆ ఏడాదే గుంటూరు నాటక సమితి పానకాలరావుకు విగ్రహం పెట్టించింది. ఆవిష్కరణ సభలో పది నిమిషాలు ఇమ్మని, ఉద్యోగ విరమణ చేసిన శౌరమ్మ మూడు ఉత్తరాలు రాసింది. కార్యదర్శి రంగనాయకులు ఒప్పుకున్నాడు. "మైకుసెట్టుతో సరిచూడాలండీ, పెట్టెనూ టేపునూ ముందురోజే పంపండి" అన్నాడు. ఆమె పంపింది.

ఆయన దుర్మార్గుడు కాడు. అయివుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు. తన ఉపన్యాసం ఎలా వస్తుందో ఒకసారి విని చూసుకోవాలనుకున్నాడు. ఎదురుగా నేనున్నాను, నాలో ఆ టేపు ఉంది. ఎర్రమీట దిగలేదు.

"వెనక రెక్క ఇరిగిందండీ. కాస్త కాయితం కుక్కితే దిగిద్ది" అన్నాడు మైకుసెట్టు మనిషి. ఆహ్వానపత్రికలో ఒక మూల చింపి, మడిచి, ఆ కన్నంలో కుక్కాడు.

మీట దిగింది. వద్దనడానికి నాకు నాదంటూ ఒక నోరు లేదు. పదకొండు నిమిషాలు ఆయన మాట్లాడాడు. పదకొండు నిమిషాలు నేను తుడిచాను. మొదటిసారి పాడినది పోయింది, రెండోది పోయింది, దగ్గుతో సహా మూడోదీ పోయింది.

సభకు మాణిక్యాంబ గంజిపెట్టిన తెల్లచీర కట్టుకుని వచ్చింది. చివరి వరుసలో కూర్చుంటే శౌరమ్మ చెయ్యి పట్టుకుని మొదటి వరుసకు తెచ్చింది. వేదిక ఎక్కి, "ముప్ఫై ఏళ్లు పిల్లల తప్పులు దిద్దాను. ఇవాళ పెద్దల తప్పు ఒకటి దిద్దడానికి వచ్చాను. వినండి" అని మీట నొక్కింది.

రంగనాయకులు గొంతు పలికింది. శౌరమ్మ ఆపింది. క్యాసెట్టు తీసి చూసింది, తన చేతిరాతే. మళ్లీ పెట్టి ముందుకు తిప్పింది, మళ్లీ ఆయనే. ఇంకా ముందుకు తిప్పింది. "ఆ మహాగళం ఇక పుట్టదు" అన్నది టేపు. ఒక టిక్కుమనే చప్పుడు. ఆ వెంటనే తొమ్మిదేళ్లనాటి జనం ఒక్కసారిగా అరిచారు: "వన్స్‌మోర్! వన్స్‌మోర్!"

సభంతా గొల్లున నవ్వి చప్పట్లు కొట్టింది. తన ఉపన్యాసానికే అనుకుని రంగనాయకులు లేచి నమస్కారం పెట్టాడు.

శౌరమ్మ దిగివచ్చేసరికి మాణిక్యాంబ చీర కుచ్చిళ్లు సర్దుకుంటోంది. "నా గొంతు అంత బొంగురా టీచరుగారూ?" అన్నది. నవ్వడానికే అన్నది. ఎదుటి ముఖం చూసి తన నవ్వు ఆపుకున్నది. "పోనీలే తల్లీ. దేవుడు విన్నాడుగా."

"దేవుడి సాక్ష్యం సమితివాళ్లు ఒప్పుకోరమ్మా" అన్నది శౌరమ్మ.

"ఇప్పుడు పాడదామంటే ఊపిరి ఆడదు. బస్సుకు టైమయింది, వస్తా." ఆ రెండు మాటలతో ఆమె వెళ్లిపోయింది. మరుసటి చైత్రానికి ఆమె లేదు.

విగ్రహం ఉంది, దాని కింద పానకాలరావు పేరు ఉంది. శౌరమ్మ ఆ తరువాత నాటకాలకు వెళ్లలేదు, నన్నూ ముట్టుకోలేదు. ఒక్కసారి మాత్రం ఎర్రసిరా తెచ్చి, క్యాసెట్టు మీద ఉన్న పానకాలరావు పేరును స్కేలు పెట్టి కొట్టివేసి, గుండ్రటి అక్షరాలతో రాసింది: "మాణిక్యాంబ. నూటికి నూరు." పరీక్ష రాసినదానికి రుజువు లేదు. మార్కులు మాత్రం మిగిలాయి.

ఇప్పుడు నేను గుంటూరులో పాత ఇనుము కొట్టులో, విరిగిన కుట్టుమిషను కింద ఉన్నాను. క్యాసెట్టు ఇంకా నా పొట్టలోనే ఉంది, ఆ కాగితం ముక్కతో సహా. రేపో మాపో సుత్తి పడుతుంది. పడనివ్వండి. పదకొండు నిమిషాల ఉపన్యాసం తరువాత, టేపు మీద రెండంగుళాల మేర, ఆ జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు. నాలుగోసారి పాడమని అడుగుతున్నారు. ఎవరిని అడుగుతున్నారో వారికి అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు.