ఎలాడియో రెయిన్‌కోటు

మా ఆయన ఎలాడియో పోయి మూడేళ్లయింది. ఆయన్ని తెయిషీదోకి తీసుకెళ్లడానికి మాత్రం నాకు వాతావరణం కుదరనే లేదు.

మా వైపు ఈ సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. తెయిషీదోలో, సముద్రం మీదికి వాలిన కొండ కింద సాన్ ఆంద్రెస్ చర్చి ఉంది. బతికుండగా అక్కడికి ఒక్కసారైనా వెళ్లని మనిషి చచ్చాకైనా వెళ్లాలి. తొండై, కప్పై, పామై ఆ దారంతా పాక్కుంటూ వెళ్లాలి. అంత అవస్థ మనవాళ్లకి వద్దనుకుంటే ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు ముందురోజు సాయంత్రం శ్మశానానికి వెళ్లి, సమాధి మీద తట్టి, పేరు పెట్టి పిలిచి, రేపు బయల్దేరుతున్నాం రమ్మని చెప్పాలి. ఇక అక్కణ్ణుంచి పక్కన మనిషి ఉన్నట్టే నడవాలి, మాట్లాడాలి, తినేదాంట్లో వాటా పెట్టాలి. చర్చిలో వదిలిపెట్టి ఒంటరిగా తిరిగి రావాలి. వచ్చేటప్పుడు పొరపాటున కూడా పేరు పెట్టి పిలవకూడదు. పిలిస్తే వెనకే వచ్చేస్తారు, ఆ తర్వాత ఎవరు బతిమాలినా మళ్లీ బయల్దేరరు. అటూ ఇటూ కాకుండా పోతారు.

ఎలాడియో బతికుండగా ఎందుకు వెళ్లలేదంటే, ఆయన ఏ పనికైనా ముందు ఆకాశం చూసే మనిషి. గుమ్మంలో నిలబడి, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని, మబ్బుంటే "వానొచ్చేలా ఉంది, దొసిందా" అని నన్ను పిలిచి చెప్పేవాడు. మబ్బు లేకపోతే "ఇంత తేటగా ఉందంటే నమ్మడానికి లేదు" అనేవాడు. నలభై ఏళ్ల కాపురంలో మేం చూడని ఊళ్లన్నీ ఆ గుమ్మంలోనే ఆగిపోయాయి. సాన్ ఆంద్రెస్ కూడా అంతే. వచ్చే సెప్టెంబరు, వచ్చే సెప్టెంబరు అంటూనే ఆ మనిషి కాస్తా చలికి ఊపిరితిత్తులు పట్టేసి పోయాడు.

దాంతో ఆ ప్రయాణం నా నెత్తిన పడింది. ఆకాశం చూసే జబ్బు కూడా నాకే అంటుకుంది.

మొదటి ఏడాది జులై అనుకున్నాను. దారిలో దాటాల్సిన కాపెలాడా కొండ మీద చెట్టన్నది లేదు, గాలిమరల స్తంభాల నీడ తప్ప వేరే నీడ లేదు, జులైలో నడినెత్తిన ఎండ. వద్దనుకున్నాను. ఆగస్టులో కార్లేసుకుని వచ్చే జనం. ఆ తొక్కిసలాటలో చనిపోయిన మనిషితో మాట్లాడుకుంటూ వెళ్లే ఆడదాన్ని చూసి ఫొటోలు తీస్తారు. సెప్టెంబరులో ధైర్యం చేసి శ్మశానానికి వెళ్లి పిలిచాను కూడా. తెల్లారేసరికి నైరుతి గాలి తిరిగింది. రేకులు ఎగిరిపోయేంత గాలి, కుండపోత. గొడుగు విరిగిపోతుంటే మళ్లీ శ్మశానానికి పోయి, "ఇవాళ కాదులే, పడుకో" అని చెప్పి వచ్చాను.

ఆ మాట ఊరంతా పాకింది. బార్ నడిపే షెన్షో నన్ను చూస్తే చాలు, "ఏం దొసిందక్కా, ఎలాడియో బావకి జలుబు చేస్తుందనా ఆపేశావు?" అనేవాడు.

"నీకేం తెలుస్తుందిరా. ఆయన ఛాతీ సంగతి నాకు తెలుసు" అనేదాన్ని.

"పోయాడు కదక్కా."

"పోతే మాత్రం?"

రెండో ఏడాది నా మోకాలు వాచింది. మూడో ఏడాది జూన్ అంతా పొగమంచు. ఆ కొండ మీద మంచు దిగితే పక్కన మేస్తున్న గుర్రం కూడా కనబడదు, అడుగు తప్పితే నేరుగా సముద్రంలోకే. ఇవన్నీ అబద్ధాలు కావు. ఒక్కొక్కటీ నిజమే. నిజమైన సాకులు దొరకడం ఎంత సుఖమో, వెతుక్కున్నవాళ్లకే తెలుస్తుంది.

ఎందుకంటే ఎలాడియో ఇంట్లోనే ఉన్నాడు. కనబడతాడని కాదు, నాకు పిచ్చి పట్టలేదు. వంటింట్లో వెనక్కి తిరిగి గిన్నెలు కడుగుతుంటే బెంచీ మీద కూర్చున్నట్టు తెలిసేది. పొయ్యి దగ్గర ఒక పక్క గాలి కొంచెం బరువుగా ఉండేది. నేను కసురుకుంటే పలకకుండా ఊరుకున్నట్టు తెలిసేది. బతికుండగా కూడా పలికేవాడు కాదులెండి. తెయిషీదోలో వదిలేసి వచ్చానంటే ఆ బెంచీ ఖాళీ అయిపోతుంది. అది నాకు తెలుసు. అందుకే మబ్బుల్ని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

మా ఆడపడుచు ఒబ్దూలియాకి కూడా తెలుసు. ఎలాడియోని ఎత్తుకుని పెంచిన అక్క ఆవిడ. ఆ మూడో ఏడాది సెప్టెంబరులో ఒక పొద్దున కారేసుకుని వచ్చి, కోటు కూడా విప్పకుండా వంటింట్లో కూర్చుంది.

"మా గుమ్మంలోకి తొండొచ్చిందే" అంది.

"ఎండ కాస్తే తొండలు రావా వదినా?"

"వచ్చిన తొండ పోతుంది. ఇది పోలేదు. గడప మీద కూర్చుని నా మొహం వంకే చూసింది. ఆకాశం వంక చూసింది. మళ్లీ నా వంక చూసింది."

నాకు నవ్వొచ్చింది, ఆవెంటనే ఆ నవ్వు పోయింది. ఆకాశం చూసిందంటే మరి.

"నీకు ఎండా అడ్డం కాదు, వానా అడ్డం కాదు" అంది ఒబ్దూలియా. "వాణ్ణి వదలబుద్ధి కాక తిప్పుతున్నావు. నీ వంటింట్లో కూర్చోబెట్టుకోడానికి వాడేమన్నా పిల్లా? నా తమ్ముడు దారిన పడాలే. ఈ నెలాఖరులోగా నువ్వు తీసుకెళ్లకపోతే నేనే వెళ్లి పిలుస్తాను. నా పిలుపుకి వాడు తప్పకుండా లేస్తాడు."

లేస్తాడు. అక్క పిలిస్తే లేచేవాడు, నేను పిలిస్తేనే బద్ధకం. చివరి నడక కూడా అక్కతోనే నడిచిపోతే ఇన్నేళ్లూ నేను దేనికి ఉన్నట్టు? ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాను.

"నేనే వెళ్తాను వదినా. ఈశాన్య గాలి పట్టగానే."

"సాయంత్రం పైన రోడ్డు దగ్గర కారుతో ఉంటాను. తిరుగుదారి నువ్వు నడవలేవు" అంది. కోటు విప్పి, అప్పుడు కాఫీ అడిగింది.

ఈశాన్య గాలి పడితే మా దగ్గర ఆకాశం తోమిన పళ్లెంలా ఉంటుంది. నెలాఖరు దగ్గరపడుతుండగా పట్టింది. సెదెయిరా రేవులో పడవలవాళ్లని అడిగాను, రేడియో విన్నాను. అందరూ ఒకటే చెప్పారు: రేపు సాయంత్రం దాకా ఢోకా లేదు, ఆ తర్వాత గాలి తిరగొచ్చు. సాయంత్రానికల్లా నేను పని ముగించుకుంటాను కదా. ఉన్ని మేజోళ్లు రెండు జతలు పెట్టుకున్నాను. మడమలకి వాజలీన్ రాసుకున్నాను. సంచిలో రొట్టె, జున్ను, నీళ్లు. నా రెయిన్‌కోటు. దాని మీద ఎలాడియో పసుప్పచ్చ రెయిన్‌కోటు, చేపల వేటకెళ్లేవాళ్లు వేసుకునే మందం రకం. మోయలేనంత బరువు. తీసి పక్కన పెట్టాను. మళ్లీ సంచిలో పెట్టాను. అక్కడ ఎప్పుడూ వానే, ఆయనకా ఛాతీ బలం లేదు. చర్చి దగ్గర వదిలి రావాలనుకున్నాను.

శ్మశానంలో ఆయన్ని ఉంచిన గోడ అర మీద వేళ్లతో తట్టి, "ఏమయ్యా, రేపు పొద్దున్నే. ఈసారి నిజంగానే" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

పొద్దున గుమ్మం తెరిచి ఆకాశం చూశాను. ఒక్క మబ్బు లేదు. అంత పాపిష్టి తేట ఆకాశం నా జన్మలో చూడలేదు.

నడిచాను. ఎడమ పక్కన ఎలాడియో. మొదట్లో ఏం మాట్లాడాలో తోచలేదు, కరెంటు బిల్లు గురించి చెప్పాను. కోళ్లు గుడ్లు మానేశాయని చెప్పాను. కొండ ఎక్కేచోట ఆయాసం వచ్చి, "నువ్వు బతికుండగా వచ్చి ఉంటే మోకాళ్లు బాగున్నప్పుడే అయిపోయేది కదయ్యా, ఈ బరువు నువ్వే మోసేవాడివి" అని తిట్టాను. దారికి అడ్డంగా తొండ ఒకటి వస్తే ఆగి, అది దాటేదాకా నిలబడ్డాను. దానితో నడవడానికి ఎవరున్నారో పాపం, లేక ఎవరూ లేకే పాకుతోందేమో. పైన గుర్రాలు మేస్తున్నాయి. రొట్టె విరిచి సగం రాయి మీద పెట్టాను.

మధ్యమధ్యలో వెనక్కి తిరిగి నైరుతి వైపు చూస్తూనే ఉన్నాను. ఒక్క మబ్బు ముక్క లేస్తే చాలు, ఇంటికి పోదాం పదమనేదాన్ని. లేవలేదు. దారి పొడుగునా ఎండ, గాలి, సముద్రం నీలం. ఎవరికైనా సంతోషంగా ఉండే రోజు. నాకు మాత్రం ఉరికంబానికి నడిపిస్తున్నట్టే ఉంది, అదీ నా చేత్తో నేనే.

యాత్రికులు రాళ్లు పోగేసే చోట నేనూ ఒక రాయి వేశాను. ఆయన తరఫున ఇంకొకటి వేశాను. అప్పుడు చర్చి కనబడింది, కింద, చిన్నగా.

లోపల ఎవరూ లేరు. పూజాపీఠం మెట్ల దగ్గర కొవ్వొత్తి వెలిగించి, "వచ్చేశాం ఎలాడియో. ఇంక నువ్వు ఇక్కడే ఉండు. తొండవి కావక్కర్లేదు" అన్నాను. ఇంకా ఏవో చెప్పాలని దారంతా కూడబెట్టుకున్నాను. ఒక్కటీ రాలేదు. ఏడుపు కూడా రాలేదు. బయటికొచ్చి, వెనక్కి చూడకుండా పైకి ఎక్కడం మొదలుపెట్టాను.

సగం ఎక్కేసరికి గాలి తిరిగింది.

పడవలవాళ్లు చెప్పినట్టే తిరిగింది. సముద్రం మీంచి వాన బూడిదరంగు గోడలా వచ్చి కింద చర్చిని మింగేసింది, ఆ తర్వాత నా మీద పడింది. పైన రోడ్డు దగ్గరికి చేరేసరికి తలంతా తడిసిపోయింది. కోటు కోసం సంచి విప్పాను. చేతికి పసుప్పచ్చది తగిలింది.

మర్చిపోయాను. మూడేళ్లు ఎండని, మంచుని, గాలిని చూసుకుని, ఇంత దూరం భుజాలు తెగేలా మోసి, తీరా ఆయన్ని వదిలేసి కోటు వెనక్కి తెచ్చాను. వెనక్కి వెళ్లి ఇచ్చి రావచ్చా? ఇలాంటిది ఎవరూ ఎప్పుడూ చెప్పలేదు. కింద ఆయన ఆ వానలో ఒక్కడే నిలబడి, చేతులు జేబుల్లో పెట్టుకుని, పైకి చూస్తున్నట్టు అనిపించింది. నేను చెప్పానా, దొసిందా, అంటున్నట్టు.

ఏం చేస్తున్నానో నాకు పూర్తిగా తెలుసు. అలవాటు మీద నోరు జారిందని ఎవరికీ చెప్పను. పిలిస్తే వచ్చేస్తాడని, ఇక ఎప్పటికీ పోడని తెలిసే పిలిచాను. కోటు రెండు చేతులా విప్పి పట్టుకుని, "ఎలాడియో, కోటేసుకో" అని అరిచాను.

ఆయన ఏనాడూ మొదటి పిలుపుకి రాలేదు. రెండోసారి పిలిచాను. అన్నం చల్లారిపోతున్నప్పుడు పిలిచే పిలుపుతో మూడోసారి పిలిచాను. పిలిచి, నా ఎడమ పక్కన గాలి బరువెక్కుతుందేమో అని చూశాను. వంటింట్లో, శ్మశానంలో, పొద్దుట్నుంచీ దారంతా ఉన్న ఆ బరువు ఇప్పుడు లేదు. కోటు చేతుల్లోకి గాలి దూరి అవి ఉబ్బాయి, మళ్లీ వాలిపోయాయి. అది ఉత్త గాలే.

కారు లైట్లు నా మీద పడ్డాయి. ఒబ్దూలియా అద్దం దించింది.

"ఏమే, ఆ కోటు అలా పట్టుకుని నిలబడ్డావేం?"

ఆవిడ దిగి వచ్చింది, గొడుగు లేకుండా. నా మొహం చూసింది, కోటు చూసింది.

"పిలిచావా?"

"పిలిచాను వదినా."

"పేరు పెట్టి?"

"పేరు పెట్టే. మూడుసార్లు."

నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆవిడ చర్చి ఉన్న వైపు చూసింది. అక్కడ తెల్లటి మంచు తప్ప ఏమీ లేదు.

"వచ్చాడా?" అంది.

"రాలేదు."

ఒబ్దూలియా శిలువ గుర్తు వేసుకుంది. ఇక తమ్ముడు దారిన పడ్డాడు, ఆవిడ కోరింది అదే. దేవుడికి దణ్ణం పెట్టుకుని కారెక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు. నా చేతిలోని కోటు రెండో అంచు పట్టుకుంది, వాన లోపలికి పోకుండా.

"మూడు పిలుపులకి వాడెప్పుడు పలికాడే?" అంది. "ఇంకోసారి పిలువు."

పిలిచాను. తర్వాత ఆవిడ పిలిచింది, చిన్నప్పుడు పొలంలోంచి పిలిచినట్టు గొంతెత్తి. అక్క పిలుపు కదా అని నేను కూడా ఎడమ పక్కకి చూశాను. వాన పడుతూనే ఉంది. ఎవరూ రాలేదు.