తలుపు తీసి ఉండగానే

పన్నెండూ ఐదుకి సర్వర్ నన్ను లోపలికి రానివ్వలేదు.

పాస్‌వర్డ్ తప్పు కొట్టాననుకున్నాను. మళ్ళీ కొట్టాను. మూడోసారి ఒక్కొక్క అక్షరమే చూసుకుంటూ కొట్టాను. అనుమతి లేదని ఒకే ఒక్క లైను వచ్చి ఊరుకుంది. అప్పుడు కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఎందుకంటే, ఆ సర్వర్లోకి ఎవరెవరు రావచ్చో చెప్పే ఫైలును ఇరవై నిమిషాల క్రితం మార్చింది నేనే.

మూడు ఆసుపత్రుల ల్యాబ్ రిపోర్టులు ఆ సర్వర్లో ఉంటాయి. డాక్టర్లు తమ గదుల్లో కూర్చుని వాటిని తెరిచి చూసుకుంటారు. దానికొక సర్టిఫికెట్ ఉంటుంది, మనిషికి గుర్తింపు కార్డు ఉన్నట్టు. ఆ రోజు మధ్యాహ్నం రెండింటితో దాని గడువు తీరిపోతుంది. తీరితే ఏ డాక్టరు కంప్యూటరూ ఆ సర్వర్ని నమ్మదు, ఒక్క రిపోర్టూ తెరుచుకోదు. కొత్త సర్టిఫికెట్ ఆ పొద్దున్నే మా చేతికొచ్చింది. లోపలికెళ్ళి దాన్ని పెట్టి రావడం పది నిమిషాల పని. మా టీము నడిపే మేడమ్ ఆ పని నాకప్పగించింది.

పది నిమిషాల పనే కదా అని నేను ముందు ఇంకోటి మొదలుపెట్టాను. ఆడిట్ వాళ్ళు ఇచ్చిన జాబితాలో ఒక పని మిగిలి ఉంది: సర్వర్లోకి మా టీము గ్రూపులో ఉన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ రాకూడదు. అందుకు ఫైల్లో ఒక్క లైను చేర్చాలి. అదే లైనును వారం క్రితం నా ప్రయోగాల సర్వర్లో చేర్చి చూశాను, చక్కగా పనిచేసింది. ఇక్కడా చేర్చాను. ఫైలు సరిగ్గా ఉందో లేదో చూసే తనిఖీ కమాండ్ ఒకటుంది, అదీ కొట్టాను. దాని తీరే వేరు. తప్పుంటే ఏ లైన్లో ఉందో చెబుతుంది, లేకపోతే అసలు నోరు విప్పదు. ఆ రోజు నోరు విప్పలేదు. సర్వర్లోకి వెళ్ళినప్పుడు తెర మీద తెరుచుకునే సెషన్‌ని మేం కిటికీ అంటాం. కొత్త రాతను అమల్లో పెట్టి, పని కాగానే కిటికీ మూసెయ్యాలన్న ఆడిట్ నియమం ప్రకారం నా కిటికీ మూసేశాను.

లోపలికి రాలేకపోయాక పది నిమిషాలకి గానీ నాకు తట్టలేదు. ప్రయోగాల సర్వర్లో ఆ గ్రూపును మూణ్ణెల్ల క్రితం నేనే చేత్తో తయారుచేసి, నా పేరు చేర్చుకున్నాను. అసలు సర్వర్లో అలాంటి గ్రూపే లేదు. తనిఖీ కమాండు లైను రాసిన పద్ధతి చూస్తుందే గానీ, ఆ గ్రూపులో మనుషులున్నారా అని చూడదు. నేను చేసిందేమిటంటే, లేని మనుషులకి మాత్రమే తలుపు తీసి, ఉన్నవాళ్ళందరికీ మూసేశాను.

మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేనే. నాన్నది తాళాల పని. ఇళ్ళకీ కొట్లకీ తాళాలు బిగిస్తాడు. చిన్నప్పుడు సెలవుల్లో పనిముట్ల సంచి పట్టుకుని ఆయన వెంట వెళ్ళేదాన్ని. కొత్త తాళం బిగించాక ఆయన తలుపు మూయడు. తీసి ఉండగానే లోపలివైపు నుంచి ఒకసారి, బయటివైపు నుంచి ఒకసారి తాళంచెవి తిప్పి, తాళం నాలుక గాల్లోకి వచ్చి వెనక్కి పోవడం చూస్తాడు. ఇంటివాళ్ళు విసుక్కునేవాళ్ళు. "మూసి చూడవయ్యా, తీసి చూస్తే ఏం తెలుస్తుంది" అని ఒకావిడ అంటే, "మూశాక తెరుచుకోకపోతే చూడ్డానికి దారేది తల్లీ" అన్నాడు. అదంతా చూసి పెరిగి, నేను మూసేసి వచ్చాను.

సర్వర్ ఉన్న గది ఇంకో ఊళ్ళో ఉంది. ఆ గదిని చూసుకునేవాళ్ళకి ఫోన్ చేశాను. సర్వర్‌కి నేరుగా కీబోర్డు తగిలిస్తే లోపలికి వెళ్ళొచ్చు.

"తగిలిస్తాం మేడమ్, దాందేముంది" అన్నాడు అవతలి మనిషి. "రిక్వెస్టు పెట్టండి. నాలుగు గంటల్లో మనిషొస్తాడు."

"నాకు రెండింటికల్లా కావాలండీ."

"అందరికీ రెండింటికే కావాలి మేడమ్."

రిక్వెస్టు పెట్టాను. ఏం చెయ్యాలో తోచక, సర్వర్లో ఏం జరుగుతోందో బయటి నుంచి చూపించే పేజీ తెరిచాను. అందులో ఒక మూల చిన్న అక్షరాల్లో ఉంది: లోపల ఉన్నవారు, ఒకరు.

ఆ ఒక్కరూ ఎవరో చూడకుండానే తెలిసింది. మా టీములో నాకంటే పదేళ్ళు సీనియర్ ఒకాయన ఉన్నాడు. ఏ కిటికీ తెరిచినా మూయడు, వారాల తరబడి అలాగే వదిలేస్తాడు. అందుకని అందరూ కిటికీలాయన అంటారు. నేను అన్నా అంటాను. నేను చేర్చిన లైను కొత్తగా లోపలికి వచ్చేవాళ్ళనే ఆపుతుంది, అప్పటికే తెరిచిన కిటికీ జోలికి పోదు. ఆయన నాలుగు రోజుల క్రితం తెరిచిన కిటికీ ఇంకా బతికే ఉంది. ఆ సంగతి నాకు ముందే తెలుసు కూడా. ముందు రోజే ఆడిట్ పత్రంలో ఆయన పేరు రాసి, ఎదురుగా "నాలుగు రోజులుగా సెషన్ మూయలేదు, నియమోల్లంఘన" అని నేనే రాశాను.

ఆయన బల్ల దగ్గరికి పరిగెత్తాను. కుర్చీ ఖాళీ. లాప్‌టాప్ తెరిచే ఉంది, తెర మాత్రం లాక్ అయి ఉంది. లాక్ తెర మీద నీలిరంగు డబ్బాలో ఇలా ఉంది: అప్‌డేట్ల కోసం ఈ కంప్యూటర్ 1:10కి దానంతటదే రీస్టార్ట్ అవుతుంది. వాయిదా వేయడానికి లాగిన్ అవ్వండి.

రీస్టార్ట్ అయితే ఆ ఒక్క కిటికీ పోతుంది. గోడ గడియారంలో పన్నెండూ ఇరవై ఏడు.

ఆయనకి ఆరుసార్లు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. ఆఫీసు కంప్యూటర్లు చూసే కుర్రాళ్ళ గదికి ఫోన్ చేసి రీస్టార్ట్ ఆపమన్నాను.

"అది పై ఆఫీసు నుంచి వచ్చే ఆర్డరండీ. మావి కూడా వాటంతటవే రీస్టార్ట్ అవుతుంటాయి. నిన్న నేను టైపు చేస్తుండగానే పోయింది."

ఇక మేడమ్‌కి చెప్పక తప్పదు. గది బయట నిలబడి, చెప్పకుండా సర్దేసే దారి ఏదన్నా ఉందా అని ఒక్క నిమిషం ఆలోచించాను. అదే వారం నా ప్రొబేషన్ కాగితం ఆవిడ సంతకానికి వెళ్ళాలి. ఆ నిమిషం గడిచింది, దారేం దొరకలేదు. తలుపు తోసుకుని వెళ్ళి, చేసింది చేసినట్టు చెప్పాను.

ఆవిడ అరవలేదు. అరిస్తే బాగుండేది. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"రెండింటికి ఏంటో తెలుసుగా?"

"తెలుసు మేడమ్."

"అతను పన్ను పీకించుకోవాలని పర్మిషన్ తీసుకున్నాడు. వెనక సందులో దంతాల డాక్టరు. వెళ్ళు. ఇక్కడ నిలబడి తెలుసు మేడమ్ అంటే ఏమొస్తుంది?"

మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. అన్న అనుకున్నాను. నాన్న. కట్ చేశాను.

దంతాల డాక్టరు గది ముందు గళ్ళ చీర కట్టుకున్న నర్సు రిజిస్టరు పెట్టుకుని కూర్చుంది. పన్నెండూ నలభై రెండు.

"లోపల పన్ను తీయించుకుంటున్న ఆయనతో ఒక్క మాట చెప్పాలి, చాలా అర్జంటండీ."

"పన్నుతో మాట్లాడాలా, ఆయనతోనా?" అంది ఆవిడ తల ఎత్తకుండానే. "నోట్లో పట్టుకారు ఉందమ్మా. కూర్చో."

"ఆయన రాకపోతే మూడు ఆసుపత్రుల్లో..."

"ఇది నాలుగోది అనుకో. కూర్చో."

కూర్చున్నాను. ఎదురుగా గోడ మీద పెద్ద దవడ బొమ్మ. అందులో పళ్ళు లెక్కపెట్టాను, మళ్ళీ లెక్కపెట్టాను. లోపల ఏదో యంత్రం గుయ్‌మంది, ఆగింది, మళ్ళీ గుయ్‌మంది. మధ్యాహ్నం ఆపరేషన్‌కి ముందు ఎవరో డాక్టరు రక్తం రిపోర్టు కోసం మౌస్ నొక్కుతూ ఉండటం, ఏమీ తెరుచుకోకపోవడం నా కళ్ళ ముందు ఆడుతోంది. పాస్‌వర్డ్ అడిగేస్తే? లోపలికి చీటీ పంపి, దాని మీద రాసిమ్మంటే? ఆ ఆలోచన వచ్చింది, కాదనను. ఒకరి పాస్‌వర్డ్ ఇంకొకరు వాడకూడదన్న నియమం మీద సంతకం పెట్టాను. ఆ రోజుకి పాడుచేసింది చాలు అనిపించింది.

పన్నెండూ యాభై ఆరుకి తలుపు తెరుచుకుంది. ఆయన బుగ్గ పట్టుకుని, పెదవి ఒక పక్కకి వేలాడేసుకుని బయటికి వచ్చాడు. నన్ను చూసి కనుబొమలు ఎగరేశాడు.

"అన్నా, నీ కిటికీ కావాలి" అన్నాను.

"హే ఖిఖిఖీ?" అన్నాడు దూది మధ్య నుంచి.

"ల్యాబ్ సర్వర్ది. అందరినీ బయట పెట్టేశాను. నువ్వొక్కడివే లోపలున్నావు. ఒంటిగంటా పదికి నీ లాప్‌టాప్ రీస్టార్ట్ అవుతుంది."

ఆయన ఇంకేం అడగలేదు. బుగ్గ మీద చేయి తియ్యకుండానే నడక వేగం పెంచాడు. "వేడి టీ తాగకండి, గంటసేపు పుక్కిలించకండి" అని నర్సు వెనక నుంచి చెబుతూనే ఉంది. లిఫ్టు ఆరో అంతస్తులో ఇరుక్కుని ఉంటే మెట్లెక్కాం. మూడో అంతస్తులో ఆయన ఆగి గోడకి ఆనుకున్నాడు.

"ఫద" అని మళ్ళీ కదిలాడు.

ఒంటిగంటా ఏడుకి ఆయన కుర్చీలో కూర్చున్నాడు. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు నేను అటు తిరిగి నిలబడ్డాను. మొదటిసారి తప్పు పడింది. ఆయన వేళ్ళు దులుపుకుని మళ్ళీ కొట్టాడు. తెర వెలిగింది. రీస్టార్ట్ డబ్బాని రేపటికి తోసేశాడు. తర్వాత ఒకదాని వెనక ఒకటి కిటికీలు జరుపుకుంటూ పోయాడు. పాత లెక్కలు, ఎప్పుడో చదివి వదిలేసిన పేజీలు, ఇంకో రెండు సర్వర్లు. అన్నిటికంటే అడుగున ఉందది. ఆయన ఎంటర్ నొక్కాడు. ఒక క్షణం ఏమీ కాలేదు. ఆ తర్వాత సర్వర్ పేరుతో కొత్త లైను వచ్చింది.

పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"చెప్పు" అని సైగ చేశాడు. నేను చెబుతుంటే ఆయన కొట్టాడు. ముందు గ్రూపు తయారుచేశాడు. మా నలుగురి పేర్లూ చేర్చాడు. చేర్చాక ఆ గ్రూపులో ఎవరున్నారో బయటికి రాబట్టి, నా చేత పైకి చదివించాడు. నాలుగు పేర్లు. తనిఖీ కమాండు కొట్టాడు, అది ఏమీ అనలేదు.

"దీని మాట నమ్మావా?" అన్నాడు. ఈసారి మాట కాస్త తెలిసింది.

"అది మాట్లాడందే నమ్మాను అన్నా."

ఆయన నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. నా లాప్‌టాప్ వైపు గడ్డంతో చూపించాడు. తన కిటికీ అలాగే ఉంచాడు. నేను నా బల్ల నుంచి లాగిన్ కొట్టాను. ఒంటిగంటా పద్దెనిమిది. వచ్చింది. బయటికి వచ్చి మళ్ళీ వెళ్ళాను. వచ్చింది. మేడమ్‌ని పిలిచి ఆవిడ లాప్‌టాప్ నుంచి కూడా వెళ్ళి చూడమన్నాను.

కొత్త సర్టిఫికెట్ పెట్టి, ఫైళ్ళు తనిఖీ చేసి, అమల్లో పెట్టేసరికి ఒంటిగంటా నలభై ఒకటి. ఈసారి కమాండు ఊరుకుందని నేను ఊరుకోలేదు. మూడు ఆసుపత్రుల ల్యాబులకీ ఫోన్ చేసి ఒక్కొక్క రిపోర్టు తెరిపించి, సర్టిఫికెట్ గడువు ఏ తారీకు వరకుందో వాళ్ళ చేత చదివించాను. మూడో ఆసుపత్రి ఆవిడ "ఇప్పటిదాకా బాగానే ఉంది కదమ్మా, ఏమైంది?" అంది. ఏం కాలేదన్నాను. రెండు దాటింది. రిపోర్టులు తెరుచుకుంటూనే ఉన్నాయి.

అప్పుడు అన్న బల్ల దగ్గరికి వెళ్ళాను.

"నిన్న ఆడిట్ పత్రంలో నీ మీద రాశాను అన్నా. నాలుగు రోజులుగా కిటికీ మూయలేదని."

"చూశాను చెల్లెమ్మా." దూది మార్చుకుంటూ అన్నాడు. "నిజమే కదా. తప్పే అది. ఇవాళ పనికొచ్చిందని ఒప్పయిపోదు. కొట్టెయ్యకు."

"మరి మూసేస్తావా?"

"నువ్వు ఇంకోసారి లోపలికి వెళ్ళి రా. అప్పుడు మూస్తాను."

వెళ్ళి వచ్చాను. ఆయన మూశాడు.

ఏం జరిగిందో మేడమ్ రాసిమ్మంది. "ఒక పొరపాటు జరిగింది" అని మొదలుపెట్టి, అది కొట్టేసి "నేను" అని మొదలుపెట్టాను. ఆవిడ మొత్తం చదివింది. చివర నేను చేర్చిన లైను దగ్గర వేలు ఆపింది: కొత్త కిటికీ తెరుచుకునే దాకా పాత కిటికీ మూయకూడదు.

"పని కాగానే మూయాలన్నది ఆడిట్ నియమం" అంది.

"మళ్ళీ లోపలికి రాగలమని చూసుకున్నాకే పని అయినట్టు మేడమ్."

ఆవిడ కాగితం నాకు తిరిగిచ్చింది. "రేపు పొద్దున్న మీటింగులో నువ్వే చదువు. నీ కాగితం సంగతి ఆ తర్వాత మాట్లాడదాం."

సాయంత్రం బస్టాపులో నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. మధ్యాహ్నం భోంచేశానో లేదో కనుక్కోవడానికి చేశాడట. జరిగింది చెప్పాను. సర్వర్ల సంగతి ఆయనకి తెలియదు, తాళం మాటల్లో చెప్పాను. విన్నాడు.

"మూసేశావా?" అన్నాడు.

"మూసేశాను నాన్నా. నిన్ను చూస్తూ పెరిగి కూడా."

వెనక ఆకురాయి రుద్దుతున్న శబ్దం ఆగింది.

"నేనూ మూశానే ఒకసారి. నువ్వు పుట్టకముందు. లోపల ఓ పెద్దావిడ ఉండిపోయింది, పొయ్యి మీద గిన్నె ఉంది. తలుపు పగలగొట్టాల్సొచ్చింది. ఆవిడకేం కాలేదులే. నీకెప్పుడూ చెప్పలేదు."

బస్సు వచ్చింది. ఎక్కలేదు, ఇంకో బస్సు వస్తుంది.

"రేపు అందరి ముందూ చదవాలి నాన్నా" అన్నాను.

"చదువు మరి. ముందు నాకు చదివి వినిపించు."

సంచిలోంచి కాగితం తీసి, వీధి దీపం కిందికి జరిగి, "నేను" అని మొదలుపెట్టాను.