తుడిచేసిన ఉప్పు

పన్నెండు కొమ్మలనూ నేనే తుడిచాను. ఎవరూ చెప్పకుండానే తుడిచాను. పాత చీరముక్క తడిపి, గట్టిగా పిండి, ఆకుల మీద తెల్లగా పేరుకున్న దుమ్మును పసిపిల్ల మొహం తుడిచినంత మెల్లగా తీసేసి, ఆ తర్వాతే ఒక్కో కొమ్మనూ దళసరి కాగితానికి కుట్టాను. ఆకులు బియ్యపు గింజంత ఉంటాయి, కొన్ని అంతకంటే చిన్నవి. రెండు రోజులు పట్టింది. పని ముగించి, నడుం పట్టుకుని లేచి, మెచ్చుకుంటుందేమోనని రమీలాబెన్ మొహంలోకి చూశాను. పెళ్లయిన పంతొమ్మిదేళ్లలో అంటుకున్న పాడలవాటు అది, పని చేసి ఎదుటివాళ్ల మొహం చూడడం.

రమీలాబెన్ మా ఊళ్లోనే ఆల్థాన్ పేటలో ఒక్కతే ఉంటుంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైంది. ఉప్పు నేలల్లో పెరిగే మొక్కలు ఏరి తెచ్చి, పాత పేపర్ల మధ్య అదిమి ఆరబెట్టి, కాగితాలకు కుట్టించి పిల్లలు చదువుకోవడానికి కాలేజీకి ఇస్తుంది. కాడ మీదుగా దారం తీసి కాగితం వెనక ముడి వేయాలి. బిగిస్తే కాడ విరుగుతుంది, వదిలితే మొక్క జారుతుంది. ఇప్పుడు ఆమె వేళ్లు వణుకుతున్నాయి. నేను మగ్గాల పేట లింబాయత్‌లో మా గదిలో కూర్చుని చీరలకు రాళ్లంటించే మనిషిని. తను కొన్న చీర మీద నా చేతిపని చూసి, ఇది ఎవరు చేశారని దుకాణంలో ఆరా తీసి మరీ మా గడప దాకా వచ్చింది. చీర చూసి కట్టుకున్న ఆవిడ గురించి అడిగేవాళ్లే గాని, అంటించిన దాని గురించి అడిగినవాళ్లు అంతకు ముందు లేరు.

ఇంట్లో మాత్రం నవ్వులే నవ్వులు. "మనిషికి కుట్లేస్తే డాక్టరంటరు. గడ్డికి కుట్లేస్తే ఏమంటరే నిన్ను?" అన్నాడు మా ఆయన పరమేశ్. పన్నెండు గంటలు మగ్గాల రొదలో నిలబడి వచ్చే మనిషి, చెడ్డవాడని అనలేను. నవ్వడానికి ఇంట్లో నేనొక్కదాన్నే దొరుకుతాను, అంతే. మా అత్త బుచ్చవ్వ నవ్వలేదు. "పోతే పోయినవ్ గని బిడ్డా, మాపటికి బియ్యం ఎసట్ల వడాలె" అంది. ఆమెకు అంతకంటే పెద్ద శాస్త్రం లేదు.

రమీలాబెన్ మెచ్చుకోలేదు. కాగితాలు ఒక్కొక్కటే తిప్పి చూసి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చూసింది. "ఆకుల మీద తెల్లగా ఉండాలి కదా, ఏమైంది?" అని హిందీలో అడిగింది. "దుమ్ము మేడం. తుడిచేశాను" అన్నాను గొప్పగా. ఆమె కుర్చీలో కూలబడింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "అది దుమ్ము కాదు తిరుమలా. ఉప్పు. ఆ ఆకు చేసిన పని. నువ్వు మొత్తం తుడిచేశావు" అంది.

తర్వాత అట్టపెట్టెలోంచి మిగిలిపోయిన ఒక విరిగిన కొమ్మ తీసి, భూతద్దం నా చేతికిచ్చింది. నేను చూశాను. దేవుడా, ఏం చూశానని చెప్పను! ఆ చిట్టి ఆకు మీద పలకలు పలకలుగా ఉప్పు పొదిగి ఉంది. పద్దెనిమిదేళ్లుగా గమ్ముతో, పట్టకారుతో, మెడ విరుచుకుని నేను చేసే పనిని అది చెయ్యి లేకుండా చేసింది. వేరుకు దొరికేది ఉప్పునీళ్లేనట, వేరే నీళ్లు లేవట. అదే తాగుతుంది. తాగిన ఉప్పును ఆకులో ఉన్న సన్నటి గ్రంథులు బయటికి నెట్టి, ఆకు పైన ఆరబెడతాయి. ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, ఒక జంట ఇటు ఉంటే పై జంట అడ్డంగా అటు. ఉన్న తడి ఆరిపోకుండా అంచులు కిందికి ముడుచుకుని ఉంటాయి. "ఈ కుటుంబంలో అందరూ ఇంతే, పొట్టిగా నేలను కరుచుకుని ఉంటారు" అంది రమీలాబెన్. కుటుంబం అనేసరికి, ఇందులో ఎవరు ఎవరికి వండిపెడతారో అని నాకు భయమేసి, పైకే అడిగేశాను. ఆమె విని పడీ పడీ నవ్వింది. ఫ్రాంకేనియా అట ఇంటిపేరు. లోకమంతా చెదిరి డెబ్భై ఎనభై రకాలున్నా అందరిదీ ఆ ఒక్క ఇంటిపేరేనట. ఎవరి వంట వాళ్లదే.

బస్సులో ఇంటికొస్తుంటే ఏడుపొచ్చింది. నేను నేర్చిన పనులన్నీ తుడిచే పనులే. గిన్నెలు, గచ్చు, చీరల మీద గమ్ము మరకలు, పరమేశ్ చొక్కా వీపున చెమట ఆరి గీసిన తెల్లటి గీతలు. బాగా చేశానంటే చేసినట్టు కనబడకూడదు. చేయని రోజే కనబడుతుంది. మా అత్త సిరిసిల్లలో పదేళ్లు, వలసొచ్చాక ఇక్కడ ముప్పై ఏళ్లు కండెలు చుట్టింది. బట్ట నేసింది మామ అన్నారు, అమ్మింది సేటు అన్నారు, కండె చుట్టిన చెయ్యి బట్టలో ఏ మూలా కనబడదు. అట్లాంటి ఇంటినుంచి వచ్చి, తన పనిని తన ఒంటి మీదే నిలబెట్టుకున్న ఒక మొక్క కనబడితే, దాన్నీ తుడిచిపెట్టాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

"పూత ఇంకో పది రోజులే. ఆదివారం పొద్దున్నే ఆ ఉప్పు నేలకు వెళ్తున్నాను. నువ్వు వస్తే కొత్త కొమ్మలు తెచ్చుకుందాం, నేను ఒక్కదాన్నే వంగి కోయలేను" అంది రమీలాబెన్ ఆ రాత్రి ఫోన్‌లో. వస్తానన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆదివారం కిమ్ అనే ఊరి నుంచి మా మరిది పరుశురాం పెళ్లాంపిల్లలతో భోజనానికి వస్తున్నాడు.

"తమ్ముడొస్తడని తెల్వదా నీకు? మటన్ తెస్తున్న" అన్నాడు పరమేశ్.

"తెల్సు. తప్పు నేను జేసిన. నేనే పోయి తేవాలె."

"గడ్డి తుడిస్తే తప్పేందే? లోకంల ఎవలన్న గడ్డిని తుడుస్తరా అసలు?"

"నలుగురొచ్చిన దినం కోడలు ఇంట్ల లేకపోతె నవ్వరా?" అని అత్త అందుకుంది.

"నవ్వనియ్యి అత్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

పరమేశ్ కంచం ముందునుంచి లేచాడు. "జర ఇను. గీ ఆదివారం పోయినవంటె, ఇగ ఆ పని బంద్. మళ్ల ఆల్థాన్ మొఖం చూసేది లేదు" అన్నాడు. నేను అతని కంచం తీశాను. జవాబు చెబితే శనివారం దాకా అదే సాగుతుంది, వంటింట్లో నాకు వేరే పనులున్నాయి.

ఆదివారం ఆరింటికి బయల్దేరాను. మా అమ్మాయి సంధ్యారాణిని కూడా లేపి వెంటబెట్టుకున్నాను. పన్నెండో తరగతి పిల్ల, దాన్ని ఇంట్లో వదిలితే గరిటె నా చేతిలోంచి దాని చేతిలోకి పోతుంది. "మమ్మీ, పపా గుస్సా కరేగా" అంది చెప్పులేసుకుంటూ. "కోపమైతే కానియ్యి, నడువు" అన్నాను.

ఓల్పాడ్ ఊరు దాటి, రమీలాబెన్ కారు దిగి, చెరువు గట్ల మీద చాలా దూరం నడిచాం. సముద్రపు పాయ వెనక్కి తగ్గి ఉంది. కంటి చూపు ఆనినంత దూరం నేల పగిలి, తెల్లగా ఉప్పు పొంగి ఉంది. ఒక్క చెట్టు లేదు. అట్లాంటి చోట నా పాదాల ముందు చాప పరిచినట్టు ఆ మొక్కలు! వాటి నిండా పూలు, పెసరగింజంత పూలు, లేత గులాబీ రంగులో. నేను కదల్లేకపోయాను. తొక్కుతానేమోనని ఒక కాలు ఎత్తి అట్లాగే నిలబడ్డాను.

రమీలాబెన్ ప్లాస్టిక్ పట్టా పరిచి, అరవయ్యేడేళ్ల మనిషి, దాని మీద బోర్లా పడుకుంది. "రా, వీటిని నిలబడి చూడలేం" అంది. నేనూ పడుకున్నాను. పగటిపూట నేను నడుం వాల్చి ఎన్నేళ్లయిందో! అద్దం పెట్టి చూస్తే ఐదు రేకులు, వాటిని పట్టుకుని గాడులు పడిన ఆకుపచ్చ గొట్టం, మధ్యలో ఆరు కేసరాలు, మూడు బయట, మూడు లోపల. ఒక్కో రేకు అడుగున, లోపలివైపు, చిన్న నాలుక లాంటి పొర ఉంది. ఐదు రేకులకూ ఐదు. చూసేవాళ్లు ఎవరూ లేని ఈ ఉప్పుగడ్డ మీద, ఇంత చిన్న పువ్వుకు, కనబడని చోట అంత నాణ్యమైన పనా! నాకు చేతులు జోడించాలనిపించింది. సంధ్య నా చేతిలోంచి అద్దం లాక్కుని తనూ బోర్లా పడుకుంది. ఒక ఆకు తెంపి నాలుకకు తాకించాను. కరకరలాడే ఉప్పు.

ఏడు కొమ్మలు కోసి, ఉప్పు రాలకుండా ఊపిరి బిగబట్టి పేపర్ల మధ్య పరిచాను. ఎనిమిదో దాని మీద కత్తెర పెట్టానో లేదో, ఫోన్ మోగింది. పరమేశ్. వెనకాల కుక్కర్ కూత, అత్త గొణుగుడు, మరిది నవ్వు.

"ఏమే, ఉప్పు ఏడ వెట్టినవ్?"

పంతొమ్మిదేళ్లు కూరలో ఉప్పు రవ్వంత తక్కువైందనీ, చిటికెడు ఎక్కువైందనీ చెప్పిన మనిషికి అది ఏ డబ్బాలో ఉంటుందో తెలియదు. జవాబు నా నోటి చివర తయారుగానే ఉంది, పై అర, స్టీలు డబ్బా, పసుపు వెనకాల. చుట్టూ చూశాను. ఎండకు ఆ తెలుపంతా మెరుస్తోంది.

"ఇంట్లనే ఉన్నది. దేవులాడుండ్రి."

"ఎంతసేపు దేవులాడాలె? మటన్ ఉడుకుతున్నది ఈడ. చెప్తే ఏంవాయె నీకు?"

"ఇప్పుడు గాదు," అన్నాను. "నేను పనిల ఉన్న."