చప్పటి పండు

పొద్దున్నే వాకిలి ఊడ్చి, స్నానాల నీళ్లు పారే చోట మొలిచిన పొద దగ్గర కాసేపు కూర్చోవడం లింగమ్మకు అలవాటు. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలైన మూడో ఏడు అది. పొదను ఎవరూ నాటలేదు. తెల్లటి పూలు, శనగ గింజంత ఎర్రటి పండ్లు. పేరు ఎవరికీ తెలియదు, చెప్పడానికి మాత్రం అందరూ ముందుంటారు.

“రేగుపండే ఇది,” అన్నాడు పక్కింటి గోపయ్య నములుతూ.

“సీతాఫలం లెక్క తియ్యగుంటే రేగంటవేందన్నా?” అంది ఎదురింటి జంగమ్మ.

ఇద్దరూ తిన్నది ఒకే కొమ్మ పండ్లు. పేరు మాత్రం తేలలేదు.

లింగమ్మ నోటికి అది ఉత్త చప్పన. భర్త రాజయ్య పోయినప్పటి నుంచి ఆమెకు కూరా అంతే. ఏడుపూ రాలేదు. లోపల ఏదో చచ్చిపోయిందని ఊరుకుంది. రావిర్యాలలో మిగిలిన అరెకరం అమ్మి, ఎయిర్‌పోర్టుకు కిరాయికి తిప్పుకోవడానికి కారు కొంటానని కొడుకు వీరేందర్ అడిగితే, “నీ ఇష్టం బిడ్డా” అంది.

ఆ కొడుకే పేరు తేల్చుకుందామని ఒక కొమ్మ విరిచి, తల్లిని బండి మీద రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి తీసుకుపోయాడు. అక్కడ మొక్కల గురించి పాఠాలు చెప్పే రామచంద్రయ్య సారు ఆకు తిప్పి చూశాడు, పుస్తకాలు తిరగేశాడు, చివరికి పండు నోట్లో వేసుకున్నాడు.

“పనసండీ. మా దొడ్లో ఉండేది. ఇప్పుడా దొడ్డి మీద రోడ్డేశారు. మీ వీధిలో వాళ్లకి ఏ రుచి వచ్చింది?”

“గోపయ్యకు రేగు, జంగమ్మకు సీతాఫలం. ఆళ్ల చెలకలల్ల ఉండె సారు. ఇగ లేవు, భూములన్నీ ఎయిర్‌పోర్టుల పోయినయ్.”

“మరి మీకు?”

“నాకేం తెలుస్తలేదు సారు.”

సారు కాగితం మీద పేరు రాయాల్సిన చోటు ఖాళీగా వదిలేశాడు.

అరెకరం రిజిస్ట్రేషన్ రోజు లింగమ్మ కొత్త చీర కట్టుకుని, అలవాటు కొద్దీ ఒక పండు నోట్లో వేసుకుంది.

“పాసుబుక్కు పెట్టుకున్నవా అమ్మా?” అన్నాడు వీరేందర్ బండి తీస్తూ.

నాలుక అంచున వగరు తగిలింది. వెనకాలే కొంచెం తీపి. ఈతపండు. రావిర్యాల గట్టు మీది చెట్టుది, రాజయ్య తువ్వాల కొసన మూటగట్టి తెచ్చేది. గోపయ్య రేగు, జంగమ్మ సీతాఫలం గుర్తొచ్చి లింగమ్మకు భయమేసింది. రాజయ్య పోయాక ఆమెకు ఏదైనా అనిపించడం అదే మొదలు. పండును ఉమ్మేసింది.

“నేను రాను బిడ్డా. భూమి అమ్మను.”

“ఏందమ్మా గిట్లంటవ్? ఆడ ఆళ్లు ఎదురుచూస్తున్నరు.”

“సూడనియ్. నన్ను గట్టు కాడికి తీస్కపో.”

వీరేందర్ ఎదురుచూస్తున్న వాళ్లకు ఫోన్ చేసి రాలేమన్నాడు. తర్వాత బండిని రావిర్యాల వైపు తిప్పాడు.

మర్నాడు పొద్దున పండు మళ్లీ చప్పగానే ఉంది. లింగమ్మ నిశ్చింతగా ఇంకోటి కోసుకుంది.